టీహెచ్‌ఎస్6212 లైన్ డ్రైవర్: ఏ పనికి ఏ బయాస్ మోడ్

టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ తయారు చేసే టీహెచ్‌ఎస్6212 అనే చిప్, విద్యుత్ తీగల మీదుగా డేటాను పంపే మోడెమ్‌లలో చివరి మెట్టుగా నిలిచి, బలహీనమైన సిగ్నల్‌ను తీగలోకి నెట్టగల శక్తినిచ్చే డిఫరెన్షియల్ లైన్ డ్రైవర్ (సిగ్నల్‌ను రెండు తీగల మధ్య తేడాగా పంపేది). ఇందులో రెండు కరెంట్ ఫీడ్‌బ్యాక్ యాంప్లిఫయర్లు (ఔట్‌పుట్‌లో కొంత భాగాన్ని కరెంటు రూపంలో ఇన్‌పుట్‌కు తిప్పి పంపి తమను తాము సరిచేసుకునేవి) జంటగా ఉంటాయి. ఎంత బయాస్ కరెంటుతో, అంటే సిగ్నల్ లేనప్పుడు కూడా ట్రాన్సిస్టర్లను సిద్ధంగా ఉంచే కరెంటుతో, పని చేయాలో రెండు పిన్నుల ద్వారా చెప్పవచ్చు కనుక, ఫుల్ బయాస్, మిడ్ బయాస్, లో బయాస్ అనే మూడు పనిచేసే స్థితులతోపాటు, చిప్‌ను దాదాపు పూర్తిగా ఆపివేసే షట్‌డౌన్ అనే నాలుగో స్థితి కూడా డిజైనర్ చేతిలో ఉంటుంది. చిప్ మంచిది, కొనదగినది. కానీ దీనిని ఎంచుకునేవారిలో చాలామంది ఫుల్, మిడ్, లో అన్న మూడింటి మధ్య తర్జనభర్జన పడి, అసలు లాభమంతా దాగి ఉన్న నాలుగో మోడ్‌ను చివరి నిమిషం వరకు పట్టించుకోరు. ఈ సమీక్షలో ఎక్కువ భాగాన్ని అందుకే మోడ్‌ల ఎంపికకు కేటాయిస్తున్నాను.

డేటాషీట్‌లోని ముఖ్యమైన అంకెలు ఇవి. సరఫరా వోల్టేజి 10 నుంచి 28 వోల్టుల వరకు ఉండవచ్చు. సిగ్నల్ లేనప్పుడు చిప్ లాగే కరెంటు ఫుల్ బయాస్‌లో 23 మిల్లీఆంపియర్లు, మిడ్ బయాస్‌లో 17.5, లో బయాస్‌లో 11.9. 28 వోల్టుల సరఫరాతో 100 ఓమ్‌ల డిఫరెన్షియల్ లోడ్ మీద ఔట్‌పుట్ శిఖరం నుంచి శిఖరానికి 49 వోల్టుల వరకు ఊగగలదు. 25 ఓమ్‌ల లోడ్‌కు వందల మిల్లీఆంపియర్ల కరెంటు ఇవ్వగలదు. డిఫరెన్షియల్ గెయిన్ 10 దగ్గర బ్యాండ్‌విడ్త్ 205 మెగాహెర్ట్జ్. 1 మెగాహెర్ట్జ్ దగ్గర రెండో హార్మోనిక్ (సిగ్నల్ ఫ్రీక్వెన్సీకి రెండు రెట్ల దగ్గర పుట్టే అవాంఛిత సిగ్నల్) అసలు సిగ్నల్ కన్నా 86 డెసిబెల్స్ కింద, మూడో హార్మోనిక్ 101 డెసిబెల్స్ కింద ఉంటాయి. ఇవి ఘనమైన అంకెలే, కానీ ఈ హార్మోనిక్ విలువలు ఫుల్ బయాస్‌కు, ఒంటరి సైన్ తరంగానికి, 1 మెగాహెర్ట్జ్‌కు చెందినవన్న సంగతి మరిచిపోకూడదు. మన మోడెమ్ పంపే సిగ్నల్ ఈ మూడింటిలో ఒక్కదానికీ సరిపోలకపోవచ్చు.

బయాస్ తగ్గితే ఏం జరుగుతుందో చూద్దాం. ఈ తరహా యాంప్లిఫయర్ల ఔట్‌పుట్ దశ క్లాస్ ఏబీ పద్ధతిలో నడుస్తుంది. సిగ్నల్ ధనాత్మకంగా ఉన్నప్పుడు పై ట్రాన్సిస్టర్, రుణాత్మకంగా ఉన్నప్పుడు కింది ట్రాన్సిస్టర్ లోడ్‌ను మోస్తాయి. నిండు బిందెను ఒకరు మరొకరికి అందించేటప్పుడు క్షణంపాటు ఇద్దరి చేతులూ బిందె మీద ఉండాల్సినట్టే, సున్నాను దాటే చోట రెండు ట్రాన్సిస్టర్లూ కొంతసేపు కలిసి పని చేయాలి. ఆ కలిసి పని చేసే భాగం ఎంత విశాలంగా ఉండాలో నిర్ణయించేది బయాస్ కరెంటు. అది చాలకపోతే సున్నా దగ్గర సిగ్నల్‌లో చిన్న మెలిక పడుతుంది. దానినే క్రాసోవర్ డిస్టార్షన్, అంటే దాటే చోట సిగ్నల్ రూపం చెడడం, అంటారు. డిఫరెన్షియల్ నిర్మాణంలో రెండు సగాలూ ఒకేలా ఉంటే సరి సంఖ్య హార్మోనిక్‌లు చాలావరకు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. బయాస్ తగ్గించినప్పుడు ముందుగా తలెత్తేది మూడో హార్మోనిక్, దానితోపాటు మూడో తరగతి ఇంటర్‌మాడ్యులేషన్ (వేర్వేరు ఫ్రీక్వెన్సీలు కలిసి పుట్టించే అవాంఛిత సిగ్నళ్లు). రెండో హార్మోనిక్ ఎక్కువగా కనబడుతుంటే, బయాస్ పెంచడానికి ముందు బోర్డు మీద రెండు దారుల సౌష్ఠవాన్ని, ట్రాన్స్‌ఫార్మర్‌ను పరీక్షించడం సరైన క్రమం.

క్రాసోవర్ మెలికను సరిచేసేది ఫీడ్‌బ్యాక్. తక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర లూప్ గెయిన్ (తప్పును సరిచేయడానికి ఫీడ్‌బ్యాక్‌కు ఉండే బలం) పుష్కలంగా ఉంటుంది కాబట్టి లో బయాస్‌లోని మెలికను కూడా అది చాలావరకు అణిచివేస్తుంది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ లూప్ గెయిన్ కరిగిపోతుంది, మెలిక యథాతథంగా బయటపడుతుంది. కాబట్టి ఏ బయాస్ చాలు అన్న ప్రశ్నకు జవాబు ముందుగా బ్యాండ్ పై అంచును బట్టి ఉంటుంది. 500 కిలోహెర్ట్జ్‌కు లోపల పని చేసే నారోబ్యాండ్ విద్యుత్ తీగ సంచారానికి, అంటే జీ3, ప్రైమ్ తరహా మీటర్ రీడింగ్ వ్యవస్థలకు, లో బయాస్ తరచుగా సరిపోతుంది. నిజానికి ఆ పనికి ఇంత వేగవంతమైన చిప్ అవసరమే లేదు. 12 మెగాహెర్ట్జ్ లోపల నడిచే ఐఈఈఈ 1901.1 తరహా వ్యవస్థలకు మిడ్ బయాస్‌తో మొదలుపెట్టి కొలతల్ని బట్టి పైకో కిందికో వెళ్లడం నేను పాటించే పద్ధతి. 2 నుంచి 30 మెగాహెర్ట్జ్ వరకు విస్తరించే బ్రాడ్‌బ్యాండ్ మోడెమ్‌లకు ఫుల్ బయాస్ తప్ప మరొకటి ఆలోచించడానికి గట్టి కారణం కావాలి.

దీనికి స్ల్యూ రేటు, అంటే ఔట్‌పుట్ వోల్టేజి మారగల గరిష్ఠ వేగం, కూడా ఒక కారణం. 20 వోల్టుల శిఖరం ఉన్న సైన్ తరంగం 2.2 మెగాహెర్ట్జ్ దగ్గర సున్నాను దాటేటప్పుడు మైక్రోసెకనుకు దాదాపు 276 వోల్టుల వేగంతో మారుతుంది. 12 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ వేగం 1,500 వోల్టులకు, 30 మెగాహెర్ట్జ్ దగ్గర 3,770 వోల్టులకు చేరుతుంది. అసలు మోడెమ్ సిగ్నల్‌లో ఇంతటి శిఖరం మొత్తం ఒకే పై ఫ్రీక్వెన్సీ దగ్గర రాదు కనుక ఇవి గరిష్ఠ పరిమితులు మాత్రమే. అయినా యాంప్లిఫయర్ లోపలి దశలకు అందుబాటులో ఉండే కరెంటు తగ్గితే ఈ అంచు కూడా దగ్గరవుతుందని గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు శక్తి లెక్క. 28 వోల్టుల దగ్గర ఫుల్ బయాస్‌లో చిప్ ఊరకే కూర్చుని తినే శక్తి 0.644 వాట్లు. మిడ్‌లో 0.49 వాట్లు, లో బయాస్‌లో 0.333 వాట్లు. ఫుల్‌కూ లోకూ తేడా 0.31 వాట్లు. కాగితం మీద చూస్తే ఇది సగానికి సగం ఆదా. అయితే సిగ్నల్ పంపుతున్నప్పటి లెక్క వేరు. 100 ఓమ్‌ల లోడ్ మీద 5 వోల్టుల ఆర్‌ఎంఎస్ (శక్తి లెక్కకు వాడే ఒక రకం సగటు) సిగ్నల్ పంపుతున్నామనుకుందాం. లోడ్‌లో 50 మిల్లీఆంపియర్ల ఆర్‌ఎంఎస్ కరెంటు పారుతుంది, లోడ్‌కు చేరే శక్తి 0.25 వాట్లు. అనేక క్యారియర్లు (డేటాను మోసే వేర్వేరు ఫ్రీక్వెన్సీలు) కలిసిన సిగ్నల్‌కు గాస్సియన్ స్వభావం ఉంటుంది, అంటే విలువలు ఎక్కువగా సున్నా చుట్టూ చేరతాయి కాబట్టి సరఫరా నుంచి లోడ్ కోసం లాగే సగటు కరెంటు ఆర్‌ఎంఎస్ విలువలో దాదాపు 0.8 వంతు, అంటే 40 మిల్లీఆంపియర్లు. 28 వోల్టుల దగ్గర అది 1.12 వాట్లు. అందులోంచి లోడ్‌కు వెళ్లిన 0.25 తీసివేస్తే 0.87 వాట్లు చిప్‌లోనే వేడిగా మిగులుతాయి. దీనికి బయాస్ శక్తిని కలిపితే ఫుల్ బయాస్‌లో మొత్తం 1.51 వాట్లు, లో బయాస్‌లో 1.20 వాట్లు. సగం అనుకున్న ఆదా ఐదో వంతుకు పడిపోయింది. పైగా పెద్ద సిగ్నల్ ఉన్నప్పుడు ఔట్‌పుట్ దశలోని బయాస్ కరెంటులో కొంత భాగం సిగ్నల్ కరెంటులోనే కలిసిపోతుంది కనుక అసలు తేడా ఇంతకన్నా ఇంకొంచెం తక్కువే.

అదే మోడెమ్ మొత్తం సమయంలో పదో వంతు మాత్రమే పంపుతూ మిగతా కాలం వింటూ ఉంటుందనుకుంటే బొమ్మ తారుమారవుతుంది. లో బయాస్‌లో ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచితే సగటు బయాస్ శక్తి 333 మిల్లీవాట్లు. పంపేటప్పుడు ఫుల్ బయాస్‌లో ఉంచి, పంపనప్పుడు షట్‌డౌన్‌లో పెడితే, ఆ స్థితిలో లాగే స్వల్ప కరెంటును పక్కన పెట్టిన లెక్కలో, సగటు 64 మిల్లీవాట్లు. డిస్టార్షన్ విషయంలో ఏమీ వదులుకోకుండానే శక్తి ఐదో వంతుకు దిగింది. ఆ పైన ఫుల్‌కు బదులు లో బయాస్ వాడితే మరో 31 మిల్లీవాట్లు మిగులుతాయి. ఆ 31 మిల్లీవాట్ల కోసం బ్యాండ్ పై అంచున డిస్టార్షన్‌ను భరించడం నా దృష్టిలో చెడ్డ బేరం. సమయం పంచుకుని పంపుతూ వింటూ ఉండే ప్రతి వ్యవస్థలోనూ మొదట సాధించవలసింది చురుకైన షట్‌డౌన్. మిడ్, లో మోడ్‌ల గురించిన చర్చ దాని తర్వాతే రావాలి.

షట్‌డౌన్‌కు శక్తి ఆదాను మించిన మరో ప్రయోజనం ఉంది. ఆన్‌లో ఉన్న డ్రైవర్ సిగ్నల్ పంపకపోయినా నాయిస్‌ను మాత్రం పంపుతూనే ఉంటుంది. ఈ చిప్ ఇన్‌పుట్ వోల్టేజి నాయిస్ హెర్ట్జ్ వర్గమూలానికి 2.5 నానోవోల్టులు, ఇన్వర్టింగ్ ఇన్‌పుట్ కరెంటు నాయిస్ 18 పికోఆంపియర్లు, నాన్ ఇన్వర్టింగ్ వైపు 1.4 పికోఆంపియర్లు. గెయిన్ 10, ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ 1.24 కిలోఓమ్‌లు, గెయిన్ రెసిస్టర్ 274 ఓమ్‌లు అనుకుని రెండు సగాల నాయిస్‌నూ రెసిస్టర్ల నాయిస్‌నూ కలిపితే, డిఫరెన్షియల్ ఔట్‌పుట్ దగ్గర హెర్ట్జ్ వర్గమూలానికి సుమారు 50 నానోవోల్టులు తేలుతుంది. 100 ఓమ్‌ల మీద ఇది హెర్ట్జ్‌కు దాదాపు మైనస్ 136 డీబీఎం (1 మిల్లీవాట్‌తో పోల్చిన డెసిబెల్స్). సిరీస్ రెసిస్టర్లూ ట్రాన్స్‌ఫార్మర్ నిష్పత్తీ దీనిని కొంత మారుస్తాయి కానీ స్థాయి మాత్రం ఇదే. 2 నుంచి 30 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో హెర్ట్జ్‌కు మైనస్ 50 డీబీఎం ప్రాంతంలో పంపిన సిగ్నల్ తీగలో 80 డెసిబెల్స్ తగ్గి వస్తే రిసీవర్ దగ్గర మైనస్ 130 మిగులుతుంది. అంటే మన సొంత డ్రైవరే ఆ సిగ్నల్‌కు 6 డెసిబెల్స్ దూరంలో నాయిస్ నేలను పరిచి కూర్చుంటుంది. వినే సమయంలో లో బయాస్‌లోకి దించడం ఈ సమస్యను పరిష్కరించదు, ఎందుకంటే గెయిన్ అలాగే ఉంటుంది. డ్రైవర్‌ను ఆపివేయడమే మార్గం. రిసీవర్ సెన్సిటివిటీ ఆశించినంత రావడం లేదని రిసీవర్ ముందున్న భాగాలను మార్చి మార్చి చూసేవారు, ముందుగా వినే సమయంలో డ్రైవర్ ఏ మోడ్‌లో ఉందో ఒకసారి స్కోప్‌తో చూసుకోవాలని గట్టిగా చెబుతాను.

షట్‌డౌన్‌ను వాడుకోవడంలో జాగ్రత్త అవసరమైన చోటు మోడ్ మారే క్షణం. ఆన్ అవుతున్నప్పుడూ ఆఫ్ అవుతున్నప్పుడూ ఔట్‌పుట్ దగ్గర చిన్న కుదుపు పుడుతుంది. రెండు సగాల్లోనూ అది ఒకేలా ఉన్నంతవరకు ట్రాన్స్‌ఫార్మర్ దానిని చాలావరకు అవతలికి వెళ్లనివ్వదు, కానీ తేడాగా మిగిలిన భాగం తీగలోకీ రిసీవర్‌లోకీ చేరుతుంది. అందువల్ల పంపడం మొదలుపెట్టడానికి కాస్త ముందే డ్రైవర్‌ను లేపి, అది కుదురుకున్నాక మొదటి ప్రియాంబుల్ (డేటాకు ముందు పంపే గుర్తింపు సిగ్నల్) పంపాలి. ముగించాక కూడా రిసీవర్ గెయిన్‌ను వెంటనే పూర్తిగా పెంచకూడదు. ఎంత ముందు లేపాలి అన్నది డేటాషీట్‌లోని సమయాన్ని ఆధారంగా తీసుకుని, ఇన్‌పుట్ కపులింగ్ కెపాసిటర్లు ఛార్జ్ అయ్యే సమయాన్ని కలుపుకుని, సొంత బోర్డు మీద కొలిచి నిర్ణయించాలి. నేను చూసిన బోర్డుల్లో ఆలస్యానికి కారణం చాలాసార్లు చిప్ కాదు, దాని ముందున్న పెద్ద కెపాసిటర్లే. ఇంకొక విషయం: షట్‌డౌన్‌లో డ్రైవర్ వైపు నుంచి తీగకు కనిపించే ఇంపెడెన్స్ (మారే సిగ్నల్‌కు ఎదురయ్యే నిరోధం) ఆన్‌లో ఉన్నప్పటిలా ఉండదు. వచ్చే సిగ్నల్‌ను అది భారం చేయకపోవడం మంచిదే, కానీ తీగకు సరైన టెర్మినేషన్ (సిగ్నల్ వెనక్కి ప్రతిఫలించకుండా తీగ చివర ఉంచే సరిపోయే లోడ్) కావాలనుకునే వ్యవస్థలో ఆ పనిని వేరే దారిలో చూసుకోవాలి.

ఒకే సమయంలో వేర్వేరు ఫ్రీక్వెన్సీల మీద పంపుతూ వింటూ ఉండే డీఎస్‌ఎల్ తరహా (టెలిఫోన్ తీగల మీదుగా ఇంటర్నెట్ ఇచ్చే) లైన్లకు ఈ సౌకర్యం లేదు. అక్కడ డ్రైవర్ ఎప్పుడూ మేలుకునే ఉండాలి కాబట్టి, ఫుల్, మిడ్, లో అన్న ఎంపికకు నిజమైన బరువు అక్కడే వస్తుంది. ఏడీఎస్‌ఎల్2 ప్లస్ 2.2 మెగాహెర్ట్జ్ వరకే వెళ్తుంది. అక్కడ బయాస్ తగ్గించి చూడవచ్చు. వీడీఎస్‌ఎల్2లో 17ఏ ప్రొఫైల్ 17.6 మెగాహెర్ట్జ్ వరకు, 30ఏ ప్రొఫైల్ 30 మెగాహెర్ట్జ్ వరకు వెళ్తాయి. అంతేకాక డ్రైవర్ డిస్టార్షన్ నేరుగా తన సొంత రిసీవ్ బ్యాండ్‌లోనే పడే ప్రమాదం ఉంది. కనుక అక్కడ బయాస్ ఆదా మీద ఆశ పెట్టుకోకపోవడం మంచిది.

ఇక కొలిచే తీరు. ఒంటరి టోన్‌తో మూడు మోడ్‌లనూ పోల్చితే దొరికే జవాబు పాక్షికం. బహుళ క్యారియర్ సిగ్నల్‌లో శిఖర విలువ ఆర్‌ఎంఎస్ కన్నా 12 నుంచి 15 డెసిబెల్స్ ఎక్కువగా ఉంటుంది. అంటే సిగ్నల్ ఎక్కువ కాలం సున్నా పరిసరాల్లోనే తిరుగుతూ అరుదుగా పెద్ద శిఖరాలకు ఎగబాకుతుంది. క్రాసోవర్ మెలిక సరిగ్గా సున్నా దగ్గరే ఉంటుంది. పెద్ద సైన్ తరంగం ఆ చోటును చప్పున దాటిపోతే, నిజమైన మోడెమ్ సిగ్నల్ అక్కడే మసలుతుంది. అందుకని బ్యాండ్ నిండా క్యారియర్లు పెట్టి, మధ్య మధ్యలో కొన్ని క్యారియర్లను తీసివేసి, ఆ ఖాళీల్లో ఎంత చెత్త పేరుకుందో స్పెక్ట్రమ్ అనలైజర్‌లో చూడాలి. ఈ మిస్సింగ్ టోన్ పరీక్షలో బ్యాండ్ కింది భాగంలో ఫుల్, మిడ్ మోడ్‌ల మధ్య తేడా నా బల్ల మీద చెప్పుకోదగ్గంత కనబడలేదు. పై భాగానికి వెళ్లేకొద్దీ లో బయాస్‌లో ఖాళీలు పూడుకుపోవడం మొదట కనిపించింది, ఆ తర్వాత మిడ్ బయాస్‌లో. సిగ్నల్ స్థాయిని కొన్ని డెసిబెల్స్ తగ్గించినప్పుడు కూడా లో బయాస్‌లోని ఖాళీలు ఆశించినంత శుభ్రపడలేదు. క్లిప్పింగ్ వల్ల వచ్చే డిస్టార్షన్ స్థాయి తగ్గించగానే మాయమవుతుంది, క్రాసోవర్ వల్ల వచ్చేది అలా సులువుగా పోదు. సమస్య బయాస్‌లో ఉందా, సరఫరా వోల్టేజిలో ఉందా అన్నది తేల్చడానికి ఇంతకన్నా సులువైన పరీక్ష నాకు తెలియదు.

పరీక్ష లోడ్ కూడా ముఖ్యమే. విద్యుత్ తీగ ఇంపెడెన్స్ స్థిరంగా 100 ఓమ్‌లు ఉండదు. దానికి తగిలించిన పరికరాలను బట్టి, ఫ్రీక్వెన్సీని బట్టి కొన్ని ఓమ్‌ల నుంచి వంద ఓమ్‌లకు పైగా మారుతూ ఉంటుంది. తక్కువ ఇంపెడెన్స్ ఎదురైనప్పుడు ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ల సొంత నిరోధం లోడ్‌తో పోలిస్తే పెద్దదిగా కనబడుతుంది. ఆ నిరోధం బయాస్ కరెంటుకు విలోమంగా మారుతుంది కనుక, 100 ఓమ్‌ల దగ్గర సాఫీగా ఉన్న లో బయాస్ 25 ఓమ్‌ల దగ్గర నలిగిపోతుంది. డేటాషీట్‌లోని ఔట్‌పుట్ కరెంటు అంకెను చూసి లోడ్ గురించి నిశ్చింతగా ఉండేవారు, అంత కరెంటు ఇవ్వగలగడం వేరు, దానిని డిస్టార్షన్ లేకుండా ఇవ్వడం వేరు అని గమనించాలి. ప్రయోగశాలలో 100 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి బయాస్ మోడ్ ఖరారు చేయడం ఈ రంగంలో నేను తరచూ చూసే లోపం.

కరెంట్ ఫీడ్‌బ్యాక్ యాంప్లిఫయర్ కాబట్టి బ్యాండ్‌విడ్త్‌నూ స్థిరత్వాన్నీ నిర్ణయించేది ప్రధానంగా ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్. బయాస్ తగ్గితే ఇన్వర్టింగ్ ఇన్‌పుట్ లోపలి నిరోధం పెరుగుతుంది. గెయిన్ 10 వద్ద దాని ప్రభావం పదిరెట్లై ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్‌కు తోడవుతుంది కాబట్టి బ్యాండ్‌విడ్త్ తగ్గుతుంది. లో బయాస్‌లోనే శాశ్వతంగా నడిపే బోర్డులో ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్‌ను కాస్త తగ్గించి, పోయిన బ్యాండ్‌విడ్త్‌ను కొంత తిరిగి రాబట్టవచ్చు. కానీ మోడ్‌లు మారుతూ ఉండే బోర్డులో ఆ పని చేయకూడదు. లో బయాస్‌కు సరిపడా తగ్గించిన రెసిస్టర్ ఫుల్ బయాస్‌లో స్పందనను ఎగదన్నేలా చేసి స్థిరత్వాన్ని చెడగొట్టగలదు. స్థిరత్వ పరీక్షను ఫుల్ బయాస్‌లో తప్పకుండా చేయాలి.

ఈ చిప్‌లో నాకు బాగా నచ్చిన అంశం ఐఏడీజే అనే పిన్. దీనికీ గ్రౌండ్‌కూ మధ్య పెట్టే రెసిస్టర్‌ను పెంచితే బయాస్ కరెంటు ఇంకా తగ్గుతుంది. నేరుగా గ్రౌండ్‌కు కలిపితే మోడ్‌కు నిర్ణయించిన పూర్తి కరెంటు వస్తుంది. ఫుల్‌కూ మిడ్‌కూ మధ్య ఎక్కడో సరైన చోటు ఉందని కొలతలు చెబుతున్నప్పుడు, ఈ రెసిస్టర్ ఆ చోటును చేరనిస్తుంది. అయితే ఒకే రెసిస్టర్ అన్ని మోడ్‌ల కరెంటునూ ఒకేసారి కిందికి లాగుతుంది. ఫుల్ బయాస్‌ను కాస్త తగ్గించుకుందామని పెట్టిన రెసిస్టర్, అప్పటికే అంచున ఉన్న లో బయాస్‌ను పనికిరాకుండా చేయవచ్చు. ఒక్కో మోడ్‌కు విడిగా సర్దుకునే వీలు ఉంటే ఎంతో బాగుండేది. ఆచరణలో, ఈ రెసిస్టర్ వాడే బోర్డులో ఒకే పనిచేసే మోడ్‌నూ షట్‌డౌన్‌నూ మాత్రమే ఉంచుకుని, తక్కిన రెండింటినీ మరిచిపోవడం ఉత్తమం.

బయాస్ గురించి ఇంతగా ఆలోచించే ముందు సరఫరా వోల్టేజిని ఒకసారి పరిశీలించడం అవసరం. 28 వోల్టులు ఇవ్వవచ్చు కదా అని ఇచ్చేయడం వల్ల సిగ్నల్ శక్తీ బయాస్ శక్తీ రెండూ పెరుగుతాయి. సిగ్నల్ స్థాయిపై ఉన్న నిబంధనల ప్రకారం అంత ఊపు అవసరం లేకపోతే, 28 నుంచి 20 వోల్టులకు దిగినప్పుడు సరఫరా నుంచి లాగే మొత్తం శక్తిలో దాదాపు 29 శాతం తగ్గుతుంది. పైన వేసిన లెక్కలో ఫుల్ నుంచి లో బయాస్‌కు దిగితే చిప్ వేడిలో వచ్చిన తగ్గుదల 20 శాతమే. క్రాసోవర్ దగ్గర ఏమీ కోల్పోకుండా వచ్చే ఈ ఆదాను వదిలి బయాస్‌ను కోయడం తెలివైన క్రమం కాదు. శిఖరాలకు చోటు మిగలాలన్నదొక్కటే షరతు. 5 వోల్టుల ఆర్‌ఎంఎస్ సిగ్నల్‌కు 12 డెసిబెల్స్ శిఖర నిష్పత్తి ఉంటే శిఖరం 20 వోల్టులు, శిఖరం నుంచి శిఖరానికి 40 వోల్టులు. 28 వోల్టుల దగ్గర దొరికే 49లో ఇది సౌకర్యంగా ఇముడుతుంది, 20 వోల్టుల దగ్గర ఇమడదు. అదే 15 డెసిబెల్స్ అయితే శిఖరం నుంచి శిఖరానికి 56 వోల్టులు కావాలి కాబట్టి 28 కూడా చాలదు. అప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ నిష్పత్తిని పెంచాలి, దానితో డ్రైవర్‌కు కనిపించే లోడ్ తగ్గి, మళ్లీ బయాస్ దగ్గరికే వచ్చి ఆగుతాం.

వేడి విషయంలో చిప్ కింద ఉన్న మెటల్ ప్యాడ్‌ను తగినన్ని వయాలతో (బోర్డు పొరలను కలిపే లోహపు రంధ్రాలతో) లోపలి రాగి పొరలకు కలపడం తప్పనిసరి. బోర్డు మీద ఉష్ణ నిరోధం వాట్‌కు 45 డిగ్రీలు వచ్చిందనుకుంటే, పై లెక్కలోని 1.51 వాట్లకు చిప్ పరిసరాల కన్నా 68 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. లో బయాస్‌లో 54 డిగ్రీలు. మూసిన డబ్బాలో 70 డిగ్రీల మధ్య నిరంతరం పంపవలసిన పరికరానికి ఆ 14 డిగ్రీలు నిజంగానే ముఖ్యం. లో బయాస్ కోసం డిస్టార్షన్‌ను భరించడానికి నేను ఒప్పుకునే కొద్ది కారణాల్లో ఇది ఒకటి. సరఫరా విషయంలో మరొక మాట: సరఫరా చప్పుడును ఈ చిప్ అణచగలిగేది కొంత మేరకే. స్విచింగ్ రెగ్యులేటర్ నుంచి నేరుగా నడిపితే ఆ రణగొణ బ్యాండ్‌లోకి చొరబడుతుంది, దానిని బయాస్ డిస్టార్షన్ అని పొరబడడం సులువు. స్పెక్ట్రమ్‌లో కనబడే గీతలు సిగ్నల్ ఆపినా అలాగే ఉంటే అవి సరఫరావి.

ప్రత్యామ్నాయాల గురించి క్లుప్తంగా చెబుతాను. అదే సంస్థ నుంచి వచ్చే టీహెచ్‌ఎస్6222 సరఫరా 8 నుంచి 32 వోల్టుల వరకు విస్తరించింది, మధ్యస్థ వోల్టేజిని తయారు చేసే కామన్ మోడ్ బఫర్ లోపలే ఉంది. మోడ్‌ల ఏర్పాటు దాదాపు ఇలాంటిదే. 12 వోల్టుల ఒంటి సరఫరాతో కొత్త బోర్డు గీస్తున్నవారు దానిని ముందు చూడడం మేలు. ఇప్పటికే 6212తో నడుస్తున్న, ఎక్కువ కరెంటు అవసరమైన బోర్డును మార్చడానికి నాకు కారణం కనిపించదు. 30 మెగాహెర్ట్జ్‌ను దాటి 100 వరకు వెళ్లే జీ.హెచ్‌ఎన్ (ఇంటి తీగల మీద నడిచే వేగవంతమైన నెట్‌వర్క్ ప్రమాణం) తరహా పనికి మాత్రం ఏ మోడ్‌లో పెట్టినా ఈ చిప్‌ను సిఫారసు చేయను. 205 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ కాగితం మీద ఉన్నా, ఆ ఫ్రీక్వెన్సీల దగ్గర డిస్టార్షన్‌ను అణిచే లూప్ గెయిన్ మిగలదు.

కొత్తగా బోర్డు గీస్తున్నవారు రెండు బయాస్ పిన్నులనూ గ్రౌండ్‌కో సరఫరాకో శాశ్వతంగా కట్టివేయకుండా, మోడెమ్ చిప్ నుంచి వచ్చే రెండు నియంత్రణ గీతలకు కలపాలి, ఐఏడీజే దగ్గర సున్నా ఓమ్‌ల రెసిస్టర్‌కు చోటు ఉంచాలి. నియంత్రణ గీత ఒక్కటే ఉంటే ఫుల్ బయాస్‌నూ షట్‌డౌన్‌నూ ఎంచుకోవాలి, మిడ్, లో మోడ్‌లను వదిలేయాలి. రెండు గీతలూ ఉంటే మొదటి ఫర్మ్‌వేర్‌ను ఫుల్, షట్‌డౌన్‌లతోనే నడిపి, 25 ఓమ్‌లతో మిస్సింగ్ టోన్ పరీక్ష, అత్యల్ప, అత్యధిక ఉష్ణోగ్రతల దగ్గర అదే పరీక్ష పూర్తయ్యాక, ఖాళీలు శుభ్రంగా ఉన్న మేరకే మిడ్ బయాస్‌కు దిగాలి.